తల్లి ఉన్న అనాథలు: హాస్టల్ నుంచి ఇంటికి తిరిగి వెళ్లిన ఇద్దరు పిల్లల కేసు

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను. వయసులు కొద్దిగా మార్చాను, ఊరు చెప్పడం లేదు. తల్లి దీన్ని చదివి, ఒక చోట నన్ను సరిదిద్ది, బయటపెట్టడానికి ఒప్పుకున్నారు. నిర్ణయాల వరుసను మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను. మొదటి నిర్ణయమే తప్పు. అది తీసుకున్నది నేనే.

నేపథ్యం

కొన్ని క్రైస్తవ సంఘాలు (చర్చిలు) కలిసి నడిపే ఒక బాలల గృహంలో నేను సామాజిక కార్యకర్తను. అందరూ దాన్ని హాస్టల్ అనే అంటారు. ఈ కేసు వచ్చేనాటికి అక్కడ 40 పడకల్లో 9 ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలు లేకపోతే నేను మరో నాలుగు ప్రశ్నలు అడిగి ఉండేదాన్నేమో.

తండ్రి ఏడాదిన్నర మంచాన ఉండి చనిపోయారు. వైద్యానికి చేసిన అప్పులు మిగిలాయి. తల్లి ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆయా. పిల్లలు ముగ్గురు: 11 ఏళ్ల పాప, 6 ఏళ్ల బాబు, 20 నెలల చిన్నది. భర్త పోయాక నెల రోజులపాటు ఆమె పెద్దపాపకు ఇల్లు అప్పగించి డ్యూటీకి వెళ్లారు. ఒక రాత్రి చిన్నదానికి జ్వరం పెరిగి, పాప దాన్ని చంకన వేసుకుని వీధిలోకి వచ్చి తలుపులు కొట్టింది. మర్నాడు ఇరుగుపొరుగు తల్లిని నిలదీశారు. ఆమె ఉద్యోగం మానేశారు. మూడు నెలల అద్దె బాకీ పడింది.

వచ్చిన సమస్య

ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె నన్ను పక్కకు పిలిచారు. "అక్కా, ఈ ఇద్దరినీ మీ హాస్టల్లో చేర్చుకోండి. చిన్నదాన్ని నేను ఎలాగో చూసుకుంటాను" అన్నారు. కళ్లనీళ్లు లేవు. మాటలు ముందే కూర్చుకుని వచ్చినట్టున్నారు.

నేను ఒప్పుకున్నాను. అప్పటి నా ఆలోచన ఇది: అడిగింది స్వయంగా తల్లి, పిల్లలు రాత్రుళ్లు ఒంటరిగా ఉండటం ప్రమాదం, మా దగ్గర చోటు ఉంది. మూడూ నిజాలే. అయితే తల్లి నిజంగా పిల్లలను పంపాలనుకుంటున్నారా, లేక వేరే దారి కనిపించక పంపుతున్నారా అన్నది అడగలేదు. అప్పటి మా చేరిక ఫారంలో తండ్రి మరణ ధ్రువీకరణకు గడి ఉంది, బడి ధ్రువపత్రానికి ఉంది, ఫొటో అంటించడానికి ఉంది. బంధువులు ఇంకెవరున్నారో రాయడానికి ఒక్క గడి కూడా లేదు. ఆ ఫారం తయారుచేసింది కూడా నేనే.

హాస్టల్లో తొమ్మిది వారాలు

మూడో వారానికి బాబు పక్క తడపడం మొదలుపెట్టాడు. ఆ అలవాటు పోయి రెండేళ్లయిందని తర్వాత తల్లి చెప్పారు. దానికంటే వార్డెన్‌ను విసిగించింది ఇంకొకటి. రోజూ పడుకునే ముందు వాడు చెప్పులు తెచ్చి దిండు పక్కన పెట్టుకునేవాడు. తీసి బయట పెడితే నిద్ర లేచి మళ్లీ తెచ్చుకునేవాడు. మొండితనం అని నాకు ఫిర్యాదు వచ్చింది. నేను వాడి పక్కన కూర్చుని ఎందుకని అడిగాను. "అమ్మ వస్తే వెంటనే వెళ్లాలి కదా ఆంటీ" అన్నాడు.

పెద్దపాప విషయంలో మేము ఇంకా ఎక్కువ పొరబడ్డాం. ఆమె అందరికంటే బుద్ధిమంతురాలు. చిన్నపిల్లలకు జడలు వేసేది, దుప్పట్లు మడిచేది, ఎదురు మాట్లాడేది కాదు. ప్రార్థన సమయంలో ఆమెను ఆదర్శంగా చూపించాం. నిజానికి ఆ పాప ఇంట్లో మోసిన బరువునే ఇక్కడా మోస్తోంది. పిల్లవాడు అల్లరి చేస్తే బాధ బయటికి వస్తుంది, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. అణిగి ఉండే పిల్లను ఎవరూ పట్టించుకోరు. అప్పట్లో మా దగ్గరికి తల్లిదండ్రులు నెలకు ఒక్క ఆదివారమే రావాలి. పిల్లలు "అలవాటు పడటానికి" అని ఆ నియమం పెట్టారు. ఆ ఆదివారాల్లో పాప అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చిన్నది నన్ను గుర్తుపడుతుందా?"

తోబుట్టువులు విడిపోయారన్న సంగతి హాస్టల్ కమిటీ దృష్టికి తెచ్చాను. ఒక పెద్దాయన మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు: చిన్నదాన్ని కూడా చేర్చుకుంటే ముగ్గురూ కలిసే ఉంటారు కదా అని. నేను గట్టిగా కాదన్నది అక్కడే. 2000లో రుమేనియాలోని బుకారెస్ట్‌లో ఒక పరిశోధన మొదలైంది. సంస్థల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లలను తీసుకుని, యాదృచ్ఛిక పద్ధతిలో సగం మందిని ఎంచి ఫోస్టర్ కుటుంబాలకు, అంటే కన్నవారికి బదులుగా బిడ్డను తమ ఇంట్లో పెంచే కుటుంబాలకు, అప్పగించారు, మిగతావారు యథాస్థితిలో ఉన్నారు. కుటుంబాలకు వెళ్లినవారు తెలివితేటల్లో, మనుషులతో పెనవేసుకునే అనుబంధంలో మెరుగయ్యారు. రెండేళ్లలోపు వెళ్లినవారికి మేలు ఎక్కువగా జరిగింది. 20 నెలల బిడ్డను తల్లి ఒడిలోంచి తీసి, షిఫ్టుకు ఒకరుగా మారే సిబ్బంది చేతికి ఇవ్వడం ఏ లెక్కన చూసినా తగదు. ఇది చెబుతుంటే నాకే ఒక సంగతి తట్టింది: 20 నెలల బిడ్డకు తగనిది ఆరేళ్ల బాబుకు మాత్రం ఎలా తగింది?

తొమ్మిదో వారంలో అసలు దెబ్బ తగిలింది. దాతలకు పంపే ప్రార్థన లేఖలో బాబు ఫొటో వేసి, కింద "అనాథ బాలుడు" అని రాశారు. అది ఆఫీసు బల్ల మీద ఉండగా పాప చదివింది. నా దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా అడిగింది: "ఆంటీ, మా అమ్మ చనిపోయిందా?"

నిర్ణయం మారిన చోటు

ఆ రాత్రి నేను "అనాథ" అన్న మాట గురించే ఆలోచించాను. యూనిసెఫ్ లెక్కల్లో తల్లిదండ్రుల్లో ఒకరిని కోల్పోయిన పిల్లలను కూడా ఆ మాటతోనే లెక్కిస్తారు. 2015లో ప్రపంచమంతటా అలాంటివారు దాదాపు 14 కోట్ల మంది అని అంచనా. ఇద్దరినీ కోల్పోయినవారు అందులో దాదాపు కోటిన్నర మందే. మిగిలినవారికి తల్లో తండ్రో ఒకరు బతికే ఉన్నారు. బైబిలు కూడా ఈ మాటను ఇంచుమించు అలాగే వాడుతుంది. విలాపవాక్యములు 5:3లో తండ్రిలేనివారమని వాపోయే పిల్లలు, అదే వచనంలో తమ తల్లులు విధవరాండ్రైనారని చెబుతారు. తల్లి ఉంది, దిక్కే లేదు.

పాస్టర్ గారిని కలిశాను. ఆయన హాస్టల్ స్థాపకుల్లో ఒకరు, పిల్లల కోసం ఉపవాసాలు ఉన్న మనిషి. "యాకోబు 1:27 మరిచిపోయావా అమ్మా? జార్జ్ ముల్లర్ వేలమందిని పెంచాడు కదా?" అన్నారు. ఆ మాటలను తేలిగ్గా తీసుకోలేదు. ముల్లర్ 1836లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక అద్దె ఇంట్లో అనాథ గృహం మొదలుపెట్టాడు. 1849లో ఆష్లీ డౌన్‌లో మొదటి భవనం తెరిచాడు. 1870 నాటికి ఐదు భవనాలు, రెండు వేలకు పైగా పిల్లలు. కానీ ఆయన చేర్చుకున్నది తల్లినీ తండ్రినీ ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లలను. మేము చేర్చుకున్న ఈ ఇద్దరికీ ఆ గుమ్మం దాటే అర్హతే ఉండేది కాదు. ఈ మాట చెప్పినప్పుడు పాస్టర్ గారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇక యాకోబు పత్రిక. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడం నిజమైన భక్తి అంటుంది ఆ వచనం. మన తెలుగు బైబిలులో అక్కడ ఉన్న మాట "పరామర్శించుట". పరామర్శకు వెళ్లేది మనం, వాళ్ల ఇంటికి. వాళ్లను మన దగ్గరికి తరలించడాన్ని ఎవరూ పరామర్శ అనరు. పైగా ఆ వచనం దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను పక్కపక్కనే పెట్టింది. వాళ్లు ఒకే ఇంట్లో ఉండేవాళ్లు కాబట్టి. మేము ఆ వచనాన్ని నడిమికి చీల్చి, పిల్లలను తీసుకుని విధవరాలిని వదిలేశాం.

2009లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ (సొంత ఇంటి బయట పిల్లల సంరక్షణ) మార్గదర్శకాలు కూడా కమిటీ ముందు ఉంచాను. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటినుంచి వేరు చేయకూడదని, తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయకూడదని అవి చెబుతాయి. కమిటీ ఆరు నెలల ప్రయత్నానికి ఒప్పుకుంది. పదో వారంలో పిల్లలు ఇంటికి వెళ్లారు.

ఇంటికి పంపాక విఫలమైనవి

ఇంటికి పంపేస్తే పని సగం అయినట్టే అనుకున్నాను. అది రెండో తప్పు.

నెలనెలా సహాయం ఇవ్వాలని నిర్ణయించాం. అది ఆరాధన చివర, అందరి ముందు, పుస్తకంలో సంతకం పెట్టించుకుని ఇచ్చేవాళ్లం. లెక్క పారదర్శకంగా ఉండాలన్నది ఉద్దేశం. రెండో నెలకే ఆమె ఆరాధనకు రావడం మానేశారు. "విశ్వాసంలో చల్లబడింది" అన్నారు కొందరు. ఆ డబ్బు ఇంటికి చేరేలోపే అప్పులవాళ్ల చేతికి వెళ్తోందని మాకు తెలియదు. అప్పు ఎంత, ఎవరికి అని మేము అడగనే లేదు.

స్త్రీల సహవాసం వారు ప్రేమతో ఒక కుట్టుమిషన్ కొనిచ్చారు. ఆమెకు కుట్టుపని రాదు, ఇష్టం కూడా లేదు. విధవరాలికి సాయం అనగానే కుట్టుమిషన్ గుర్తుకు రావడం మనలో ఎంత పాతుకుపోయిందంటే, ఆమె అది అడిగారా అని ఎవరికీ తోచలేదు. మూడు నెలలు దాని మీద దుప్పటి కప్పి ఉంది. అద్దె కోసం అమ్మేసినప్పుడు, మోసపోయామని ఇచ్చినవారు నొచ్చుకున్నారు.

మొదటి నెలలో ఏడుగురు ఇంటికి వెళ్లి ప్రార్థించి సలహాలు ఇచ్చారు. మూడో నెలలో ఒక్కరూ వెళ్లలేదు. ఒక విశ్వాసి పెద్దపాపను సెలవులకు తన ఇంట్లో ఉంచుకుంటానని ముందుకు వచ్చారు. నేను వద్దన్నాను. ఆయన చాలా బాధపడ్డారు. ఆయన మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ పిల్లలకు హాని తలపెట్టేవారు నమ్మకం సులువుగా దొరికే చోటు వెతుక్కుంటారు, ప్రార్థన చేసే చోట అది ఎక్కువ సులువుగా దొరుకుతుంది. మంచివారికి మినహాయింపు ఇచ్చే నియమం చెడ్డవారిని ఆపదు. ఆ వారమే నియమం రాసుకున్నాం: పూర్వాపరాలు విచారించకుండా ఎవరినీ పంపం, బిడ్డతో ఏ వయోజనుడూ ఒంటరిగా ఉండరు.

ఈలోగా తల్లి పగలంతా పడుకునే ఉంటున్నారు. తల దువ్వుకోవడం కూడా మానేశారు. కమిటీలో "బద్ధకం" అన్న మాట వినిపించింది. నాకు అది దుఃఖం ముదిరి జబ్బుగా మారినట్టు తోచింది. వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని తేల్చి మందులు, కౌన్సెలింగ్ మొదలుపెట్టారు. మందు వేసుకోవడం అవిశ్వాసమేమోనని ఆమె భయం. పాస్టర్ గారు ఇంటికి వెళ్లి ఏలీయా సంగతి గుర్తుచేశారు. చావాలని కోరుకుంటూ చెట్టు కింద పడుకున్న ఆ ప్రవక్తను దేవదూత మందలించలేదు. తట్టి లేపి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ఆమె మందులు ఆపలేదు. ఈ కేసులో పాస్టర్ గారు చేసిన అతి ముఖ్యమైన పని అదే అని నేను అనుకుంటాను.

పనిచేసింది ఏమిటి

బైబిలులో 2 రాజులు 4వ అధ్యాయం నేను ఎన్నోసార్లు చదివాను. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడని ఒక విధవరాలు ఎలీషా ప్రవక్తకు మొరపెట్టుకుంటుంది. ఎలీషా ఆ పిల్లలను తన దగ్గర ఉంచుకుంటానని అనలేదు. నీ ఇంట్లో ఏముందో చెప్పమన్నాడు. పొరుగువారి దగ్గర పాత్రలు తెచ్చుకోమన్నాడు. లోపల తలుపు మూసుకోమన్నాడు. నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. మేము చేసినదాన్ని దీని పక్కన పెట్టి చూసుకున్నాను. ఇంట్లో ఏముందని అడగలేదు. పొరుగును కలపలేదు. తలుపు మూయనివ్వకుండా అందరి ముందూ సంతకం పెట్టించాం. అప్పు ఊసే ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఫారాలు లేకుండా ఆమె ఇంటికి వెళ్లాను. "ఆయన ఉన్నప్పుడు ఈ ఇల్లు ఎలా గడిచేది?" అని అడిగాను.

"నేను డ్యూటీకి వెళ్లేదాన్ని. ఆయన లేవలేకపోయినా ఇంట్లో ఉండేవారు కదా అక్కా. పిల్లలు భయపడేవాళ్లు కాదు."

ఈ కుటుంబానికి లేనిది రాత్రిపూట ఇంట్లో ఒక పెద్దమనిషి. అంతే. పని ఆమెకు వచ్చు, చేయాలని ఉంది. మేము మంచం, మిషన్, డబ్బు, ప్రార్థన అన్నీ ఇచ్చాం, ఆ ఒక్కటి తప్ప.

ఒక కాగితం తీసుకుని బంధువుల పేర్లన్నీ రాయమన్నాను. పద్నాలుగు పేర్లు వచ్చాయి. అంచున ఒక పేరు రాసి కొట్టేశారు. అది అత్తగారి పేరు. కొడుకు వైద్యం ఖర్చు దగ్గర మొదలైన గొడవ, అంత్యక్రియలు ఏ పద్ధతిలో జరగాలన్న దగ్గర మాటలు తెగిపోయేదాకా వెళ్లింది. అత్తగారు క్రైస్తవురాలు కారు. ఏడు నెలలుగా మాటల్లేవు.

ముందు తల్లి అనుమతి తీసుకుని నేను ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. మొదటిసారి నన్ను లోపలికి రానివ్వలేదు. రెండోసారి తలుపు సగం తెరిచి, నేను చెప్పింది వినకుండానే అడిగారు: "బాబు ఇంకా చెప్పులు ఎడమది కుడికి వేసుకుంటున్నాడా?"

కమిటీలో ఇద్దరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నానమ్మ చేతికి ఇస్తే పిల్లలు విశ్వాసానికి దూరమవుతారని వారి భయం. ఆ భయం కపటం కాదు, అందుకే తోసిపుచ్చకుండా వాదించాను. యేసు చెప్పిన కథలో సమరయుడు గాయపడినవాడిని సత్రానికి చేర్చి ఖర్చు కట్టాడు, నీది ఏ మతమని అడగలేదు. నానమ్మ ప్రేమను పిల్లలకు దూరం చేసి వాళ్లకు దేవుని ప్రేమను ఎలా బోధిస్తాం? మన సాయానికి విశ్వాసం షరతు అయితే ఆకలిగొన్న మనిషి ఇచ్చే సమాధానం విశ్వాసం అవుతుందా? చివరికి పాస్టర్ గారే తేల్చారు: పిల్లలను ఎలా పెంచాలన్నది తల్లి ఇష్టం, ఇటు సంఘం గానీ అటు నానమ్మ గానీ ఒత్తిడి చేయకూడదు.

అత్తాకోడళ్లను కూర్చోబెట్టిన రోజు మూడు గంటలు పట్టింది. నేను దాదాపు ఏమీ మాట్లాడలేదు. మొదటి గంట నిందలు, రెండో గంట ఏడుపు. తర్వాత కోడలే "అత్తయ్యా, రాత్రుళ్లు మీరు ఉంటే నేను డ్యూటీకి వెళ్తాను" అన్నారు. ముందు వారానికి నాలుగు రాత్రులు, రెండు నెలల తర్వాత పూర్తిగా నానమ్మ వచ్చేశారు. తల్లికి మరో ఆసుపత్రిలో పని దొరికింది.

అప్పుల సంగతి చూడటానికి సంఘంలోని ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని అడిగాం. ఆయన ఆమెతో కూర్చుని ప్రతి అప్పునూ రాయించి, అప్పులవాళ్లతో మాట్లాడి, అసలును వాయిదాల్లో తీర్చేలా కుదిర్చారు. మొదటి నాలుగు వాయిదాలు సంఘం కట్టింది, తర్వాతవి ఆమె కట్టుకున్నారు. డబ్బు నేరుగా ఆమె ఖాతాలోకి వెళ్లింది. మూడు కుటుంబాలకు తలా ఒక్క పని అప్పగించి, గడువు కూడా చెప్పాం: ఒకరు బాబును బడికి దింపాలి, ఒకరు నానమ్మ ఊరెళ్లిన రాత్రులు ఇంట్లో తోడుండాలి, ఒకరు ఆమెతో వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఐదో నెలలో మళ్లీ గొడవై నానమ్మ 11 రోజులు వెళ్లిపోయారు. హాస్టల్లో పడకలు ఖాళీగానే ఉన్నాయి. "కొన్ని రోజులకే కదా" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మొదటిసారి కూడా అలాగే అనుకున్నానని గుర్తొచ్చి ఆగాను. బాబు చెప్పులు మళ్లీ దిండు పక్కకు చేరతాయి, తల్లి మళ్లీ ఓడిపోయానని అనుకుంటుంది. తోడు కుటుంబానికి ఫోన్ చేశాను. భార్యాభర్తలిద్దరూ వంతులేసుకోకుండా కలిసే ఆ 11 రాత్రులూ అక్కడ పడుకున్నారు. 14వ నెలలో కేసు మూసివేశాను.

నా పనిలో మారినవి

మా ఫారం మొదటి గడిలో ఇప్పుడు ఇలా ఉంది: "ఈ బిడ్డ ఇంట్లోనే ఉండాలంటే ఏం కావాలి?" రెండో గడి బంధువులది, కొట్టేసిన పేర్లతో సహా. తల్లిదండ్రులు ఏ రోజైనా రావచ్చు. తల్లి బతికి ఉన్న బిడ్డను లేఖల్లో అనాథ అని రాయం. దాని వల్ల ఇద్దరు దాతలు తగ్గారు. తగ్గితే తగ్గారు.

ప్రతి బిడ్డనూ ఇంటికే పంపాలని నేను అనడం లేదు. ఇంట్లో హింసకు గురైన ఇద్దరు పిల్లలు మా దగ్గరే ఉన్నారు. వాళ్లను తిరిగి పంపడం నేరమవుతుంది. వారికి తగిన ఫోస్టర్ కుటుంబాల కోసం చూస్తున్నాం. ఇంటి బయట ఉంచడం అవసరమా, ఆ ఏర్పాటు తగినదా అన్న రెండు ప్రశ్నలను ప్రతి బిడ్డకూ విడివిడిగా అడగాలి, ఏడాదికోసారి మళ్లీ అడగాలి.

తల్లి సరిదిద్దిన చోటు కూడా చెప్పాలి. "ఆమె పిల్లలను హాస్టల్లో వదిలేశారు" అని మొదట రాశాను. ఆమె "వదిలేశారు" కొట్టేసి "చేర్చారు" అని రాశారు.

కేసు మూసిన ఆరు నెలలకు ఒక సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. చిన్నది నానమ్మ కొంగు పట్టుకుని తిరుగుతోంది. పెద్దపాప నాకు మంచినీళ్లు ఇచ్చి ఎదురుగా నిలబడింది. ఆ తొమ్మిది వారాల తర్వాత నాతో ఎక్కువగా మాట్లాడింది లేదు.

"ఆంటీ, మీరు నానమ్మ దగ్గరికి ముందే వెళ్లి ఉంటే మేము హాస్టల్‌కు వచ్చేవాళ్లం కాదు కదా?"

"రావలసి ఉండేది కాదు. నేను అడగలేదు. తప్పు నాదే" అన్నాను.

కాసేపు నన్ను చూసింది. తర్వాత గ్లాసు తీసుకుని, డ్యూటీకి వేళయిందని అమ్మను లేపడానికి లోపలికి వెళ్లింది.